పొట్టేలుకు పడ్డ నా సూది

పెళ్లిచూపుల లోపు పొట్ట తగ్గించాలనుకున్నాను. మహబూబ్‌నగర్‌లో డాక్టర్ రాసిన సూదిమందు ధర విని, ఆన్‌లైన్‌లో డాక్టర్ చీటీ అడగకుండా చవకగా అమ్మేవాళ్లను వెతికి పట్టుకున్నాను. వచ్చిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టాను. మా బాపు గొర్రెల టీకాలు దాచేదీ అక్కడేనని నా తెలివికి తట్టలేదు.

మరునాడు ఎల్లమ్మకు మొక్కిన పొట్టేలు మేత ముట్టకుండా కూలబడింది.

"టీకా దీనికే ముందుగాల ఏసిన. గిట్లెందుకైతాంది?" అన్నాడు బాపు.

ఫ్రిజ్ తెరిచాను. టీకా నిండుగా ఉంది, నా సీసా ఖాళీ. ఇంట్లో బరువు తగ్గబోయేది పొట్టేలన్నమాట. నాకే నవ్వు రాలేదు. పశువుల డాక్టర్‌ను పిలిచి నిజం చెప్పేశాను.

"అండ్ల ఏమున్నదో నీకన్న ఎరికేనా?" అన్నాడాయన. ఎరుక లేదు. పొట్టేలు డొక్క కదులుతోందా లేదా అని చూస్తూ పక్కనే కూర్చున్నాను.

పొద్దుగూకే వేళకు అది రెండు తుమ్మకాయలు నమిలింది. తిట్ల కోసం తల వంచుకున్నాను. బాపు నెమ్మదిగా అన్నాడు: "ఇది పడిపోతే డాక్టర్‌ను పిలిచినం. నువ్వు తలుపేసుకొని పడిపోతే ఎవరికి ఎరికైతుండెరా?"

ప్రతిదానికీ జోకేసే నేను ఆ రాత్రి తలుపు గడియ పెట్టకుండా పడుకున్నాను.