బ్రేకు కింద నిమ్మకాయ

నిమ్మకాయ కోసిన వాసన వస్తే అందరికీ పులిహోర గుర్తొస్తుందేమో. నాకు మాత్రం కాలిన బ్రేకుల వాసన గుర్తొస్తుంది, దాని వెనకే రాజయ్య గారు గుర్తొస్తారు. ఇవాళ మా ఆవిడ వంటింట్లో నిమ్మకాయలు కోస్తుంటే మళ్ళీ అదే అయింది.

గల్ఫ్‌లో, రువైస్ రిఫైనరీలో ఆయన మా పంపుల విభాగానికి సూపర్‌వైజరు. కరీంనగర్ వైపు మనిషి, హెల్పరుగా వచ్చి ఎదిగారు. నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదివి వెళ్ళినవాణ్ణి. ఏ పంపు మొరాయించినా మా ముదీర్, అంటే అరబ్బు మేనేజరు, నన్ను దాటుకుని వెళ్ళి మరీ "రాజయ్యా, యల్లా!" అని ఆయన్నే పిలిచేవాడు. ఆయన స్క్రూడ్రైవరు ఒక కొస బేరింగుకి, రెండో కొస చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని జబ్బేమిటో చెప్పేసేవారు. చదువు నాది, పేరు ఆయనది. ఒళ్ళు మండిపోయేది. ఒక్కసారైనా, ఎందులోనైనా ఆయన్ని ఓడించి తీరాలనుకున్నాను.

అబుదాబిలో ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని రేసు ట్రాక్ మీద నడుపుకోనిచ్చే రోజులు ఉండేవి. ఆయన తన పాత సెడాన్‌తో వెళ్ళేవారు. 2013 చలికాలంలో నేను ఎర్రటి కొత్త స్పోర్ట్స్ కారు కొన్నదే అందుకు. ఆ శుక్రవారం బయల్దేరుతుంటే మా ఆవిడ నాలుగు టైర్లతో నాలుగు నిమ్మకాయలు తొక్కించి, అమ్మవారి పటం ముందు పెట్టిన ఐదోది నా చేతికిచ్చింది.

"కారులోనే ఉంచండి. అసలే అందరి కళ్ళూ దీని మీదే."

అందరి సంగతేమో గానీ, నాకు తోచిన కళ్ళు రాజయ్య గారివే. కాయను సీటు కిందికి తోశాను.

ట్రాక్ ఎక్కే ముందు కారులో కదిలే వస్తువేదీ ఉంచకూడదు, అది నియమం. రాజయ్య గారు దుప్పటి పరిచి మ్యాట్లు, స్టెప్నీ, చివరికి డ్యాష్‌బోర్డు మీది చిన్న వినాయకుణ్ణి కూడా దణ్ణం పెట్టుకుని దింపారు.

"అన్నీ తీసినవా తమ్మీ?"

"తీశానండీ," అన్నాను. తనిఖీ చేసేవాళ్ళకీ అదే చెప్పాను.

మూడో చుట్టులో ఆయన నా ముందున్నారు. తిన్నని దారి చివర మలుపు దగ్గర ఆయన బ్రేకు వేశారు. నేను వేయలేదు, ఇంకాస్త, ఇంకాస్త అనుకున్నాను. తీరా తొక్కితే పెడల్ సగంలో ఆగిపోయింది. కింద గుండ్రంగా ఏదో అడ్డం! బలంకొద్దీ తొక్కాను. కాయ చితికింది, బ్రేకులు పొగలు కక్కాయి, కారు గిర్రున తిరిగి ట్రాక్ పక్కన ఆగింది. ఇంకో రెండు గజాలు దాటితే గోడే.

కారుని వెనక్కి తెచ్చాక రాజయ్య గారు పెడల్ కింద చెయ్యి పెట్టి ఆ పిప్పిని బయటికి తీశారు. తిట్టలేదు.

"పోయి తనిఖీ చేసెటోళ్ళకు నువ్వే చెప్పు."

"చెబితే ఇవాళ్టికి ఖలాసండీ."

"ఖలాసే. పోయి చెప్పు."

చెప్పాను. ఆ రోజుకి నన్ను నడపనివ్వలేదు. ఆయన మాత్రం తన పక్క సీటు చూపించారు. బెల్టు బిగిస్తుంటే అడిగారు: "ఎవరి దిష్టి తగుల్తదని పెట్టుకున్నవ్?"

అబద్ధమాడే ఓపిక లేదు. "మీదేనండీ."

ఆయన పగలబడి నవ్వారు. "నా కండ్లు తొవ్వ మీదున్నయి తమ్మీ. నీ కండ్లే నా బంపర్ మీదున్నయి."

తర్వాత ఆయన నడిపిన చుట్లన్నిటా ఆయన చేతులనే చూస్తూ కూర్చున్నాను. నేను వేసే చోటుకన్నా ముందే బ్రేకు వేస్తున్నారు, అయినా నాకన్నా తొందరగా మలుపు దాటుతున్నారు. ప్రాణం దక్కిందన్న సంతోషం కంటే ఆ చేతుల మీద కుళ్ళే ఎక్కువగా ఉంది నాకు.

కొన్నేళ్ళకి ఆయన రిటైరై ఊరికి వెళ్ళిపోయారు. ఒక్కసారి కూడా ఆయన్ని ఓడించలేకపోయాను. ఇప్పటికీ కారు తీసే ముందు సీటు కింద తడుముతాను. "ఏం వెతుకుతారండీ రోజూ?" అని మా ఆవిడ విసుక్కుంటుంది.

ఇప్పుడు పంపు మొరాయిస్తే నన్నే పిలుస్తున్నారు. స్క్రూడ్రైవరు చెవికి ఆనించి కళ్ళు మూసుకుంటాను. ఏదో వినిపిస్తుంది గానీ, ఆయనకి వినిపించినంత మాత్రం వినిపించదు. మళ్ళీ ఒళ్ళు మండుతుంది. అప్పుడు ఇంకాస్త గట్టిగా చెవి ఆనిస్తాను.