చిన్న ప్యాకెట్టు

మా ఇంట్లో ఉన్న టూత్‌పేస్టు మా ఇద్దరి పళ్ళూ ఊడిపోయాక కూడా మిగిలే ఉంటుంది. బీరువా పైన, మంచం కింద, వంటింటి అటక మీద, ఆఖరికి దేవుడి అలమరలో దీపం పక్కన కూడా పేస్టు డబ్బాలే. రెండు కొంటే మూడోది ఉచితమని తెచ్చినవి కొన్ని, అప్పుడు వచ్చిన కూపన్‌తో మళ్ళీ తెచ్చినవి కొన్ని. చూసినవాళ్ళు మేం అంగడి పెట్టామేమో అనుకుంటారు. అంగడి పెట్టినా నయమే, ఎవరో ఒకరు కొనుక్కుని పోతారు.

ఇదంతా మా ఆయన పొదుపు. ఆయన పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న మెషిన్ షాపులో స్టోర్స్ చూస్తాడు. పగలంతా నట్లు, బోల్టులు, డ్రిల్ బిట్లు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే ఫోన్ తీస్తాడు, ఏ యాప్‌లో ఏ కూపన్‌కు గడువు తీరిపోతోందో చూడాలి కదా మరి. నా పుట్టినరోజు ఆయనకు గుర్తుండదు గానీ కూపన్ల గడువు తేదీలన్నీ నోటికొచ్చు.

పుట్టినరోజు అంటే ఇంకో సంగతి చెప్పాలి. కొత్త కస్టమర్లకు మొదటి ఆర్డరు మీద తగ్గింపు ఇస్తారు. ఆయన ఎప్పుడో పాతబడిపోయాడు కాబట్టి నా నంబరుతో చేరాడు, తర్వాత వాళ్ళమ్మ నంబరుతో, ఆ తర్వాత కింద ఉండే ఓనరమ్మ నంబరుతో. ఆవిడ అమాయకురాలు, ఓటీపీ ఎందుకని కూడా అడక్కుండా చదివి చెప్పింది. మా అత్త పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు, ఆమెకే తెలియదు. అదీ మంచిదే అయిందని ఒక్కో యాప్‌లో ఒక్కో తేదీ పెట్టాడు, పుట్టినరోజు కూపన్లు ఏడాది పొడవునా వస్తుండేలా. డెబ్బై దాటిన మనిషికి లిప్‌స్టిక్ సగం ధరకే ఇస్తామని శుభాకాంక్షలు వస్తే, ఆమెకు చదివి వినిపించి ఇద్దరం పగలబడి నవ్వాం. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. లిప్‌స్టిక్ బదులు సబ్బులకు ఆ కూపన్ పనికొస్తుందేమో చూస్తున్నాడు.

ఒక ఆదివారం కె.ఆర్.పురంలో కొత్త సూపర్ మార్కెట్ తెరిచారని, పేపర్లో వచ్చిన కూపన్లు కత్తిరించుకుని నన్ను కూడా బయల్దేరదీశాడు. మనిషికి ఒక్క కూపనే చెల్లుతుందట. అంటే నేను పెళ్ళాంగా వెళ్ళలేదు, రెండో కూపన్‌గా వెళ్ళాను. ఊరికి ఈ కొస మేముంటే ఆ కొస అది. బస్సులు మారి, ఎండలో లైన్లో నిలబడి, మూత లేని ప్లాస్టిక్ బకెట్టూ, మా ఇంట్లో ఎవరూ నోట పెట్టని ఓట్సూ పట్టుకుని వచ్చాం. తిరుగు బస్సులో బకెట్టు నా ఒళ్ళోనే. ఆయన ముఖంలో ఆ వెలుగు చూడాలి! రాజ్యం గెలిచినవాడికి కూడా అంత గర్వం ఉండదు.

యాప్‌లో ఒక పేజీ ఉంటుంది, మీరు ఈ ఏడాది ఇంత ఆదా చేశారని పెద్ద పచ్చ అక్షరాల్లో. చుట్టాలొస్తే కాఫీ కన్నా ముందు అది చూపిస్తాడు. ఒకసారి అందరి ముందే అడిగాను.

“ఆ దుడ్డు యాడుండాదండీ?”

“యాడుండేదేమి? సేవ్ అయ్యింది కదా.”

“అదే, సేవ్ అయి యాడుండాది?”

“నీకు చెప్పినా అర్థం కాదులే” అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నిజమే, నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

ఆయన నమ్మేది ఒక్కటే, పెద్ద ప్యాకెట్టు. గ్రాముకు ఎంత పడుతుందో లెక్కగట్టనిదే ఉప్పు కూడా కొనడు. చిన్న ప్యాకెట్లు కొనేవాళ్ళంటే ఆయనకు చులకన. మా వీధి చివర అంగట్లో గార్మెంట్ ఫ్యాక్టరీ ఆడపిల్లలు ఒక్కొక్క షాంపూ సాచెట్ కొనుక్కుంటుంటే, “అందుకే వీళ్ళు బాగుపడరు” అంటాడు, వాళ్ళకు వినిపించేలా. చేతిలో ఉన్నదాంతోనే కొనుక్కోవాల్సినవాళ్ళు పెద్ద బుడ్డి షాంపూ ఎక్కణ్ణించి తెస్తారన్న ఆలోచన ఆ బుర్రకు తట్టదు. నేను ఒకసారి చిన్న ఇంగువ డబ్బా తెచ్చి పెట్టానని రోజుల తరబడి సణిగాడు.

ఈ విద్యకు మా ఇంట్లో ఒకే ఒక్క అభిమాని మా అత్త. హిందూపురం పక్క పల్లె నుంచి కాపురానికొచ్చి, ఈ కన్నడ ఊళ్ళోనే ముసలిదైపోయిన మనిషి. కొడుకు మోసుకొచ్చే సామానంతా ఆమె గదిలోనే సర్దేవాడు. మంచానికి మూడు పక్కలా అట్టపెట్టెలు, నాలుగో పక్క కిటికీ. ఆమెకు అది ఇరుకుగా అనిపించేది కాదు. ఏ పెట్టెలో ఏముందో ఆమెకు బాగా తెలుసు. నాకు బట్టల పొడి కావాలంటే ఆమె కూర్చున్న చోటి నుంచే వేలు చూపించేది. “నా కొడుకు ఏం తెచ్చినా సంవత్సరానికి సరిపడా తెస్తాడు” అని ఓనరమ్మతో చెప్పుకుని మురిసిపోయేది. ఏం కావాలన్నా కొడుకునే అడిగేది. నేను పక్కనే నిలబడి ఉన్నా సరే, నీళ్ళు కావాలన్నా కొడుకు పని నుంచి రావాల్సిందే.

తర్వాత ఆమె స్నానాల గదిలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ లేచి నడవలేదు. అప్పటి నుంచి డైపర్లు. మా ఆయనకు ఇది కొత్త ఉత్సాహం తెచ్చిపెట్టింది. వెతికి వెతికి పెద్ద పెద్ద ప్యాకెట్లు తెప్పించాడు, గదిలో ఇంకో గోడ లేపాడు. ఒక్కటే ఇబ్బంది, అన్నీ లార్జ్ సైజు. మా అత్త పుల్లలా ఉంటుంది. పక్కల నుంచి కారిపోయి దుప్పట్లు తడిసేవి. మీడియం తెమ్మని మొత్తుకున్నాను.

“మీడియం మీద ఆఫర్ లేదు” అన్నాడు.

“మీ అమ్మ మీడియం అండీ. ఆఫర్ ఉన్న సైజుకు ఆమె పెరగలేదు.”

“కొంచెం బిగించి కట్టు” అన్నాడు. కట్టేది నేను, ఉతికేది నేను. ఆయన చేసేది లెక్క. ఆమె కూడా కొడుకు పక్షమే. “ఏం కాదులే పాపా, వాడు ఆలోచించే తెచ్చింటాడు” అనేది. ఒక్కోసారి ఆమె మీద కూడా ఒళ్ళు మండేది నాకు.

కొన్ని నెలలకు కాళ్ళూ ముఖమూ వాచాయి. ఆస్పత్రిలో చూపిస్తే కిడ్నీలు పోయాయన్నారు. ఈ వయసులో ఇంక చెయ్యగలిగింది లేదనీ, ఎక్కువ కాలం ఉండకపోవచ్చనీ, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోమనీ డాక్టరు మా ఇద్దర్నీ పక్కకు పిలిచి చెప్పింది. ఆమెకు చెప్పకూడదనుకున్నాం. నీరసమే, మందులతో తగ్గిపోతుందని చెప్పాం. ఆమె నమ్మింది. మళ్ళీ లేచి తిరుగుతాననీ, ఓనరమ్మతో కలిసి గుడికి నడిచి వెళ్తాననీ చెప్పడం మొదలుపెట్టింది. నేను ఊఁ కొట్టేదాన్ని.

పాత డైపర్లు అయిపోయిన రోజు సాయంత్రం మా ఆయన ఫోన్ తియ్యలేదు. నేరుగా మెడికల్ షాపుకెళ్ళి వచ్చాడు. చేతిలో ఒక చిన్న ప్యాకెట్టు, చంకలో ఇమిడిపోయేంత. తెచ్చి మంచం మీద పెట్టాడు. నేను తీసి చూశాను, మీడియం! కూపన్ లేకుండా, ఉన్న ధరకు, సరైన సైజు. ఇన్నేళ్ళకు ఈ మనిషికి బుద్ధొచ్చిందని నిజంగానే సంతోషపడ్డాను.

మా అత్త ఆ ప్యాకెట్టునే చూస్తోంది.

“ఏమప్పా, చిన్నది తెచ్చినావే?” అంది.

“పెద్దది స్టాక్ లేదమ్మా.”

“స్టాక్ లేకుంటే ఊరంతా తిరిగైనా తెస్తావు కదప్పా నువ్వు.”

ఆయన ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఫోన్ మోగలేదు, అది ఆమెకూ తెలుసు. కాసేపు ప్యాకెట్టును చూసి, కిటికీ వైపు తిరిగి పడుకుంది. అప్పటికి గానీ నాకు వెలగలేదు. మేం ఎవరమూ నోరు విప్పి చెప్పని మాట ఆయన తెచ్చిన ప్యాకెట్టు చెప్పేసింది.

వంటింట్లో ఆయన్ని నిలదీశాను. గొంతు తగ్గించి, ఎంతో బాధ్యతగల మనిషిలా చెప్పాడు.

“డాక్టరు చెప్పింది విన్నావు కదా. పెద్దది తెస్తే, మిగిలిపోతే ఏం చేస్తాం? మిగిలినవి ఎవరు తీసుకుంటారు?”

అంతవరకూ ఆయన పిచ్చి చూసి నవ్వుకున్నాను, విసుక్కున్నాను, నలుగురిలో ఎగతాళి చేశాను. ఆ రోజు మాత్రం ఆయనంటే అసహ్యం వేసింది. గదినిండా పేస్టు డబ్బాలూ, గడువు తీరిన ఓట్సూ పేర్చి పెట్టుకున్న మనిషికి, కన్నతల్లి దగ్గరికి వచ్చేసరికి మిగులుతుందేమోనన్న భయం పట్టుకుంది.

మర్నాటి నుంచి ఆమె తిండి తగ్గించింది. రాగి జావ రెండు చెంచాలు తాగి “సాకు, చాలు” అనేది. ఇంకా ఘోరం ఏమిటంటే, మార్చనిచ్చేది కాదు. “తడవలేదు, ఉండనీ” అనేది. నేను చెయ్యి పెట్టి చూస్తే బరువెక్కి ఉండేది. “సుమ్నే ఊరికే ఎందుకు పాపా, ఇంకొంచేపు వస్తాది” అని నా చెయ్యి తోసేసేది. ఖర్చని అలా చేస్తోందని మొదట అనుకున్నాను. తర్వాత ఒక పొద్దున ప్యాకెట్టు తనకు కనబడేలా దగ్గర పెట్టమంది. ఎన్ని మిగిలాయో చూసుకుంటోంది. కొడుకు లెక్క తప్పడని ఆమెకు గట్టి నమ్మకం. అది ఎన్నాళ్ళొస్తే తను అన్నాళ్ళే ఉంటుందనుకుంది. అందుకే ఒక్కోదాన్నీ సాగదీస్తోంది, తొడలు ఒరుసుకుపోయి మండుతున్నా సరే. బతకాలని ఉంది ఆమెకు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

ఇరుగుపొరుగుకు జాకెట్లు కుట్టి దాచుకున్న డబ్బులు నా దగ్గర ఉన్నాయి. మెడికల్ షాపుకెళ్ళి మీడియంలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద ప్యాకెట్టు అడిగాను. కౌంటర్లో అమ్మాయి యాప్‌లో కూపన్ ఉంది, వేస్తే తగ్గుతుంది మేడం అని కన్నడంలో చెప్పింది. పాపం, మంచికే చెప్పింది. వద్దన్నాను. బిల్లు కట్టి, ఆ మూటను రెండు చేతులా కావలించుకుని మెట్లెక్కాను. తీసుకెళ్ళి మంచం పక్కన, చిన్నదాని ముందు నిలబెట్టాను. చిన్నది దాని వెనక కనిపించకుండా పోయింది.

మా అత్త తల తిప్పి చూసింది. కొడుకు తెచ్చాడా అని అడగలేదు. వాడు తేలేదని ఆమెకు తెలుసు.

“ఇన్ని ఎందుకు పాపా?” అంది.

“కావాలి కాబట్టి అత్తా. అయిపోతే ఇంకోటి తెస్తాను.”

ఈలోగా మా ఆయన గుమ్మంలోకి వచ్చాడు. ప్యాకెట్టు చూడగానే ధర ఎక్కడ వేశారా అని వంగాడు.

“ఎమ్మార్పీకే తెచ్చినావా?” అని, నేను కత్తెర అందుకోవడం చూసి, “ఉండుండు, విప్పద్దు. విప్పితే వాపసు తీసుకోరు” అన్నాడు. తల్లి వింటోందన్న ఆలోచన కూడా లేదు.

నేను కత్తెర పట్టుకుని ఆమె వైపు చూశాను. ఆమె కొడుకును చూసింది, ఎప్పుడూ అలా చూడగా నేను చూడలేదు. తర్వాత నా వైపు తిరిగి, “విప్పు పాపా” అంది. “తడిసి శానాసేపాయె. మార్చు.”

నేను ఆయన్ని బయటికి పొమ్మని, తలుపేసి, ప్యాకెట్టు చింపాను.