ఓ పాజిటివ్ ధైర్యం

మరిపెడ బస్టాండు వెనక సందులో కౌసల్య ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతోంది. మిషను తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. సాయంత్రానికి కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి.

కిందటేడు దసరాకు ముందు, పక్క తండాలో ఉండే మోతీబాయి ఒకే జాకెట్టును రెండుసార్లు వెనక్కి తెచ్చింది. ఎడమవైపు బిగుతుగా ఉందంది. రెండుసార్లూ కౌసల్య కుట్లు విప్పి వదులు చేసింది. మూడోసారి తెచ్చినప్పుడు టేపు పక్కన పెట్టి, తెర వేసి అడిగింది.

"ఏమైంది మోతీ? ఇది బిగుతు లేదు గదా."

మోతీబాయి కౌసల్య చెయ్యి పట్టుకొని తన ఎడమ రొమ్ము పక్కన ఆనించింది. రేగుకాయంత గడ్డ, రాయిలా గట్టిగా ఉంది.

"ఎన్నాళ్ల సంది?"

"ఉగాది సంది. నొప్పి లేదక్కా. మా కోడలు ఫోన్ల చూసింది, 'ఏ' గ్రూపు రక్తమున్నోళ్లకే రొమ్ము క్యాన్సరొస్తదట. నాది ఓ పాజిటివ్. కాన్పుకు పోయినప్పుడు రాసిచ్చిన కాయితం గూడ ఉన్నది."

"రేపు మానుకోట దవాఖానకు పోదాం."

"పత్తి ఏరుడు అయిపోనీ అక్కా."

"ఏ పత్తి? నువ్వు రాకుంటే జాకెట్టియ్య."

మానుకోటలో మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడ్డారు. డాక్టరమ్మ గడ్డను చూసింది. మోతీబాయి చాపిన కాయితాన్ని చదివి, మడిచి ఇచ్చేసింది.

"గ్రూపుకూ దీనికీ సంబంధం ఉందని కొందరు రాశారు, లేదని కొందరు రాశారు. ఉన్నా తేడా కొంచెమే. ఓ గ్రూపు వాళ్లకూ వస్తుందమ్మా. ఆరు నెలలు ఎందుకు ఆగావు?"

మోతీబాయి కాయితాన్ని సంచిలో దోపింది.

ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. హైదరాబాదులో రొమ్ము తీసేసే ఆపరేషను, ఆపైన నెలల తరబడి మందులు. కోడలికి చంటిపిల్ల ఉండడంతో నాలుగుసార్లు కౌసల్యే తోడు వెళ్లింది. దుకాణంలో బట్టలు పేరుకుపోయాయి. పెళ్లికి జాకెట్లు అందలేదని ఇద్దరు గిరాకీలు తిట్టి వేరే దర్జీ దగ్గరికి మారారు.

మోతీబాయి బతికింది. జుట్టు మళ్లీ వస్తోంది. బరువెత్తితే ఎడమ చెయ్యి వాస్తుంది, అందుకని పత్తికి పోవడం మానేసింది. ఆమె జాకెట్లలో దూది మెత్త పట్టేలా కౌసల్య లోపల జేబు కుడుతుంది.

ఇప్పుడు కొలతలు తీసేటప్పుడు ప్రతి ఆడమనిషినీ అడుగుతోంది, గడ్డ ఏమన్నా చేతికి తగులుతుందా అని. కొందరు నవ్వేస్తారు. కొందరు మొహం మాడ్చుకుంటారు.

మొన్న బడి టీచరు సుమ, "నాది బీ గ్రూపు, నాకేం రాదులే అక్కా" అంది.

కౌసల్య మోతీబాయి సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. చెప్పేసరికి గొంతు ఎండిపోయింది. సుమ ఫోను చూసుకుంటూ తలూపి, బుధవారానికి జాకెట్టు కావాలని చెప్పి వెళ్లింది. కౌసల్య ఆమె కొలతలు పుస్తకంలో రాసుకొని, నీళ్లు తాగి, కత్తెర అందుకుంది.