లేదన్నయ్య గాదె

మా కళ్ళద్దాల కొట్లో అద్దాలు అరగదీసే అన్నయ్యని ఏమడిగినా మొదట వచ్చే మాట "లేదు". ఆ తర్వాత తీరిగ్గా తలెత్తి, మనమేం అడిగామో కనుక్కుంటాడు. ఒకసారి "టైమెంతయింది అన్నయ్యా?" అన్నా "లేదు" అన్నాడు, చేతికి గడియారం పెట్టుకుని. అందుకే ఆయనకి లేదన్నయ్య అని పేరు పెట్టాం. "నాలుగక్షరాలు దండగ, రెండు చాలు" అన్నాడు తప్ప కోప్పడలేదు.

ఆయన్ని అనీ లాభం లేదు, చేసే పని అలాంటిది. ముప్ఫై ఏళ్ళుగా చక్రం ముందు కూర్చుని అద్దాల అంచులు అరగదీస్తున్నాడు. వెంట్రుకవాసి ఎక్కువ అరిగిందా, అద్దం ఫ్రేములో నిలవదు, చెత్తబుట్టలోకే. "అరిగింది అతకదమ్మాయ్" అంటాడు. ఆ భయం చక్రం దగ్గరే ఆగితే బాగుండేది. టీ సగం తాగి, మిగతా సగం మూతపెట్టి సాయంత్రానికి దాస్తాడు. తుమ్మొస్తే ఒక్కటే తుమ్ముతాడు, రెండోది రేపటికి. ఇక మాటలంటారా, రోజుకి ఇరవై దాటాయంటే ఆయనకి ఒంట్లో బాగాలేదని మా అనుమానం.

అలాంటి మనిషిని ఫోనులో యుద్ధాల ఆటలోకి దింపింది అక్క. అక్కంటే మా కొట్లో కళ్ళు పరీక్ష చేసే అక్క. నేను అద్దాలు ఫ్రేముల్లో బిగిస్తాను. భోజనాలయ్యాక వెనకగదిలో ముగ్గురం ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఆటలో తలా ఒక ఊరు. ధాన్యం, కలప, రాయి, ఇనుము ఉంటాయి, అవీ చాలీచాలనంత. ఇల్లు కట్టాలన్నా, గోడ లేపాలన్నా, సైన్యాన్ని మేపాలన్నా అందులోంచే తియ్యాలి. అక్క తన ఊరికి చత్వారపురం అని పేరు పెట్టింది. నాది మహా సామ్రాజ్యం. లేదన్నయ్య తన ఊరికి "ఊరు" అని పెట్టుకున్నాడు.

ఆ ఊళ్ళో ఒక్క సైనికుడు లేడు.

"యుద్ధం ఆటలో సైన్యం లేకపోతే ఎలా అన్నయ్యా?"

"సైనికుడు తింటాడు. గోడ తినదు."

నిజమే. శత్రువులు వచ్చి, ఆ గోడ చుట్టూ మూడుసార్లు తిరిగి, విసుగెత్తి వెళ్ళిపోయేవాళ్ళు. నా సంగతి దీనికి పూర్తిగా ఎదురు. గుప్పెడు ధాన్యం కంటబడితే చాలు, గుర్రాలు కొనేదాన్ని. "మీ ఇద్దర్నీ కలిపి రుబ్బి రెండు ముద్దలు చేస్తే, ఇద్దరు మంచి మనుషులొస్తారర్రా" అని అక్క నవ్వేది.

అంతలో అక్కవాళ్ళమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆవిణ్ణి చూసుకోడానికి అక్క వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని, "ఆటకి ఇంక నాకు తీరికుండదే. నా ఊరికి కాస్త ధాన్యం పంపుతూ ఉండు. నెల్లో వచ్చేస్తా" అంది. ఆ ఆటలో గాదె ఖాళీ అయి నెల దాటితే జనం వలసపోతారు, ఊరు పటంలోంచే చెరిగిపోతుంది. అక్క నాలుగేళ్ళు కట్టుకున్న ఊరది. "నేనున్నానుగా!" అన్నాను గుండెల మీద చెయ్యేసుకుని.

రెండు వారాలు పంపాను. మూడో వారం రెండొందల గుర్రాలతో ఎవడి మీదికో దండెత్తి, చిత్తుగా ఓడిపోయాను. వాడు వెంటబడి వచ్చి నా గాదె ఊడ్చుకుపోయాడు, నా బురుజు కూల్చిపోయాడు. బురుజు లేకపోతే చుట్టుపక్కల ఊళ్ళు కనిపించవు, పటమంతా పొగమంచే. చత్వారపురం ఉందో పోయిందో తెలీదు. ఇంక లేదన్నయ్యే దిక్కు.

"అన్నయ్యా, అక్క ఊరికి పంపడానికి పది బస్తాల ధాన్యం ఇవ్వండి."

"లేదు."

"అయిదు?"

"లేదు."

"పోనీ నా బురుజుకి నాలుగు రాళ్ళు?"

"లేదు."

"మీ గాదె పగిలేలా ఉంటుంది, నాకు తెలీదా! పోయేటప్పుడు మూట కట్టుకుపోతారా?"

దానికి "లేదు" అని కూడా అనలేదు. చక్రం తిప్పుకున్నాడు. నెల గడిచింది. ఊరు పోయే ఉంటుందని నాకు నేనే చెప్పుకుని, ఆయనతో మాటలు మానేశాను. ఆయనకది శిక్షో బహుమానమో దేవుడికెరుక.

అక్క ఫోన్ చేసింది. తియ్యలేదు. "నా ఊరెలా ఉందే?" అంటే ఏం చెప్పను? మూడుసార్లు చేసి, తనూ మానేసింది. నెల అన్నది ఏడు నెలలైంది. పరీక్ష గదిలోకి వారానికి రెండుసార్లు ఎవరో కొత్తాయన వస్తాడు. "చదవండి, తొందరగా చదవండి" అని జనాన్ని తరుముతాడు. అక్కయితే "తప్పయినా ఫర్వాలేదండీ, కనిపించిందే చెప్పండి" అనేది. ఆ గొంతు కోసం నేను ఫ్రేము పట్టుకుని తలుపు దగ్గర ఊరికే నిలబడేదాన్ని. ఇంటికెళ్ళాక దిగులుగా కూర్చుంటే, "ఫోనులో ఊరు పోతే ఇంత ఏడుపా?" అని మా ఆయన ఒకటే నవ్వు. ఏడుపు ఊరు కోసం కాదని ఆయనకెలా చెప్పను? అక్క మీద బెంగ పెట్టేసుకున్నాను, అంతే.

పోయిన వారం లేదన్నయ్య రెండు చేతులతో అద్దాన్ని చక్రానికి ఆనించి ఉండగా బల్ల మీద ఆయన ఫోను మోగింది. చెయ్యి తీస్తే అద్దం పాడవుతుంది.

"అమ్మాయ్, ఆ పచ్చగా ఉన్నది నొక్కు" అన్నాడు. అంతలోనే, "వద్దు, వద్దు, ముట్టుకోకు!" అన్నాడు.

ఈయన దగ్గర ఒక్క గుక్కలో ఇన్ని మాటలా! అనుమానం వచ్చి తొంగిచూశాను. "చత్వారపురానికి ధాన్యం బండి సిద్ధం. పంపాలా?" అని ఉంది.

పంపాను. ఆయన బురుజు మీంచి పటం చూశాను. చత్వారపురం కళకళలాడుతోంది. గోడ కొత్తది, గాదె నిండుగా ఉంది. పక్కనే లేదన్నయ్య ఊరు. ఒకప్పుడు ముప్ఫై ఇళ్ళుండేవి, ఇప్పుడు తొమ్మిది. గాదెలో రెండే బస్తాలు. పాపం, జనానికి అర్ధాకలి. ఏడు నెలలుగా ఈ మనిషి నాతో ఒక్క అబద్ధమూ ఆడలేదు. నిజంగానే లేదు.

"నాకు చెప్పచ్చుగా అన్నయ్యా!"

"చెప్తే కాపలా అంటూ గుర్రాలు కొంటావు. గుర్రం మనిషికంటే ఎక్కువ తింటుంది."

"పోనీ అక్కకైనా చెప్పారా?"

"నువ్వు రోజూ మాట్లాడతావుగా."

"ఎక్కడ మాట్లాడాను? ఊరు పోగొట్టానని సిగ్గుతో ఫోనే తియ్యలేదు!"

చక్రం ఆగిపోయింది. "అయ్యో, ఒక్క మాటకి కక్కుర్తి పడ్డానే" అన్నాడు. చక్రం నీళ్ళకి తడిసిన చేతుల్తోనే నా ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "చెయ్యి."

అక్క మొదటి రింగుకే తీసింది. నేను ఊరి సంగతి ఎత్తబోతే, "ఊరు తగలెయ్, ముందు నువ్వెలా ఉన్నావే? నా మీద కోపమొచ్చిందనుకున్నాను" అంది. ఎలాగో "బెంగగా ఉందక్కా" అన్నాను. "నాకు మాత్రం లేదూ?" అంది. వాళ్ళమ్మ గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోందిట. ఎప్పుడొస్తావంటే, "ఏమని చెప్పనే" అంది. తర్వాత, "లేదన్నయ్య ఉన్నారా? ఒకసారి ఇవ్వు" అంది.

ఒక్క మాట అని తిరిగిచ్చేస్తాడనుకున్నాను. ఆయన ఫోను చెవికి పెట్టుకుని, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమ్మా, వేళకి తింటున్నావా? అమ్మకి నిద్ర పడుతోందా? ఒక్కదానివే లేపుతున్నావా, సాయం ఎవరైనా ఉన్నారా? నువ్వెళ్ళాక ఇక్కడ..." అని మొదలుపెట్టాడు. కొత్తాయన అక్షరాల పట్టీ వంకరగా తగిలించిన వైనం, చత్వారపురం గోడకి రాయి ఎలా కూడబెట్టాడో ఆ కథ, నా రెండొందల గుర్రాల అంతిమయాత్ర అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. మధ్యలో అక్క నవ్వు ఫోనులోంచి నాక్కూడా వినిపించింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! అరగంటయినా ఆయన ఆపితేగా.

"అన్నయ్యా, బయట ఇద్దరు కళ్ళజోళ్ళ కోసం నిలబడ్డారు" అన్నాను.

ఫోను మీద చెయ్యి అడ్డంపెట్టి, "కూర్చోమను" అన్నాడు. మళ్ళీ అక్కతో, "ఆఁ, ఎక్కడిదాకా చెప్పానమ్మా?" అన్నాడు.