నిలిచిన రోజుల డబ్బా

2025 జూన్ 11, బుధవారం. ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలు. నైరుతి గాలి, ఎడతెరపి లేని వాన. నిన్న ఇదే వేళ నుంచి వరండాలోని కొలపాత్రలో చేరిన నీరు అరవై రెండు మిల్లీమీటర్లు. సిమెంటు తేవలసిన ఓడ ఇంకా జెట్టీకి చేరలేదు. లంబాలైన్‌లోని మా ఇంటి ముందు లారీ టార్పాలిన్ కప్పుకొని నిలిచి ఉంది. నేను అలమర మీది నుంచి బొమ్మ చెరిగిపోయిన పాత బిస్కెట్ల డబ్బాను దించి, లారీ చక్రానికి బిగించే ఇనుప నట్టును ఒకదానిని అందులో వేశాను. ఖంగున మోగింది. ఈ నెలలో అది నాలుగవది. ఆ శబ్దం వినపడితే చాలు, తుప్పు, డీజిలు, చేపల ఐసు కలిసిన ఒక వాసన నన్ను చుట్టుముడుతుంది. అది పోలమ్మక్క వాకిలి వాసన. రాసిపెట్టుకోని సంగతిని నమ్మే అలవాటు నాకు లేదు కాబట్టి, ఆమెను గురించి నా డైరీలలో ఉన్నంత వరకే ఇక్కడ చెబుతాను.

నేను ఈ దీవుల్లోనే పుట్టాను. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాడు. ఒక కాంట్రాక్టరు వర్క్‌షాపులో ఇరవై తొమ్మిదేళ్లు స్టోర్‌కీపరుగా పనిచేశాను. 2013 మార్చిలో ఆ వర్క్‌షాపు మూతపడింది. నా వయస్సు అప్పటికి యాభై నాలుగు, చేతికి వచ్చినది మూడు లక్షల అరవై వేలు, పింఛను లేదు. ఉన్న ఆస్తి మేము నివసిస్తున్న ఇల్లు ఒక్కటే. ఆ ఇంటిని బ్యాంకులో తాకట్టు పెట్టి కొత్త లారీ కొనాలని నిశ్చయించుకున్నాను. ఆరు నిలువు గీతల కాగితం మీద లెక్క వేశాను. లారీ ధర పదమూడు లక్షల నలభై వేలు, అప్పు తొమ్మిది లక్షల ఎనభై వేలు, నెలకు వాయిదా ఇరవై అయిదు వేల ఎనిమిది వందలు. రోజు బాడుగ నాలుగు వేల రెండు వందలు, అందులో డీజిలు పదిహేను వందల యాభై. నెలకు ఇరవై ఆరు రోజులు బండి నడిస్తే ఖర్చులన్నీ పోగా పదిహేను వేల ఆరు వందలు మిగలాలి. కూడికలో, తీసివేతలో ఎక్కడా తప్పు లేదు. మూడుసార్లు సరిచూశాను.

మా ఆవిడ వరలక్ష్మి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "కాగితం మీద మిగిలింది, సరే. ఇంటి పత్రాలు తిరిగి రాకపోతే మనం ఎక్కడ ఉండేది? ముందు జంగ్లీఘాట్ వెళ్లి పోలమ్మక్కకి చూపించండి," అంది. పోలమ్మక్క అప్పటికి పందొమ్మిదేళ్లుగా లారీ నడిపిస్తున్న మనిషి. పెళ్లయిన కొత్తలో భర్తతో ఓడ ఎక్కి వచ్చింది. ఆయన వేటకు వెళ్లేవాడు, ఆమె చేపల గంప మోసేది. ఆయన పోయిన తరువాత గంప మాని ఒక పాత లారీ కొన్నది. దానిమీద చేపలు, ఐసు, అవి లేనప్పుడు దొరికిన సరుకు తోలించేది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది.

మే 19 ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు వెళ్లాను. వాకిట్లో పీట వేసుకొని ఎండు చేపలు ఏరుతున్నది. నా కాగితం మడతలు విప్పుతుంటే నవ్వింది.

"ఇదేటి తమ్ముడూ, పెళ్లి శుభలేకా?"

"లారీ లెక్క అక్కా."

"నాకు అంకెలొచ్చుగానీ అచ్చరాలు రావు. సదివి ఇనిపించు."

చదివాను. ఇరవై ఆరు రోజుల దగ్గర చేయి అడ్డుపెట్టింది. "ఆగు. ఇరవయ్యారని ఎవుడు సెప్పేడు?"

"విశాఖలో మా చిన్నాన్న కొడుకు లారీ నడుపుతున్నాడు. అతని సగటు అది."

"అరే స్టోరు బాబూ! అక్కడ టైరు పేలితే పక్క వీధిలో దొరుకుతాది. మనకి సముద్రం దాటి రావాల. ఓడ రాపోతే మీ చిన్నాన్న కొడుకొచ్చి తోస్తాడేటి నీ బండి?"

లేచి లోపలికి వెళ్లి ఈ డబ్బా తెచ్చింది. ఊపితే గలగలమన్నది. బండి కదలని ప్రతి ఉదయం ఆమె అందులో ఒక పాత నట్టు వేసేది. నెల చివర వాటిని లెక్కపెట్టి, డబ్బా ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టేది. "నడిసిన రోజులు అందరూ లెక్కెడతారు. డబ్బులొస్తాయి కదా, అవే గేపకముంటాయి. నువ్వు నిలబడ్డ రోజులు లెక్కెట్టు. ముప్పై రోజులు పొద్దున్నే రా. నా బండి కదిలిందో నేదో నీ కళ్లతో సూసి రాసుకో. అప్పుడెల్లు బ్యాంకుకి."

నాకు కోపం వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లలో నా స్టాకు రిజిస్టరులో ఒక్క వాషరు తేడా రాలేదు. అయినా మరునాటి నుంచి వెళ్లాను. మే 20 నుంచి జూన్ 18 వరకు, ప్రతి ఉదయం ఐదున్నరకు. ఓడ ఆలస్యమై బండి నిలిచినది నాలుగు రోజులు, వాన వల్ల మూడు, టైరు లేక రెండు, డ్రైవరు రాక ఒకటి. ఇంకొకటి ఉత్తరాన ఉన్న రంగత్ దారిలో పోయింది. ఆ అడవి దారిలో వాహనాలను నిర్ణీత వేళలకే గుంపుగా వదులుతారు, ఆపైన పడవ మీద నీరు దాటించాలి. ఒక్క గంట తప్పితే రోజు పోయినట్లే. మొత్తం పదకొండు నట్లు. నడిచినవి పందొమ్మిది. ఆ అంకెను నా కాగితంలో పెట్టి మళ్లీ లెక్క వేశాను. నిలిచినా నడిచినా చెల్లించవలసినవి, అంటే వాయిదా, జీతాలు, మరమ్మతులు, బీమా, పన్నులు కలిపి నెలకు యాభై మూడు వేల మూడు వందలు. ఇరవై రోజులు నడిచినా మూడు వందలు చేతి నుంచి పడతాయి. పందొమ్మిది నడిస్తే రెండు వేల తొమ్మిది వందల యాభై నష్టం. ఏడాది తిరగకుండానే ఇంటి పత్రాల మీద ఆశ వదులుకోవలసి వచ్చేది. నా కూడిక తప్పు కాదు. కూడవలసిన అంకెనే వేరే ఊరి నుంచి తెచ్చుకున్నాను.

జూన్ 19న ఆ సంగతి చెప్పి, లారీ ఆలోచన మానుకుంటున్నానన్నాను. ఆమె విసుక్కున్నది. "మానేయమని నేను సెప్పేనా? కొత్త బండి వొద్దన్నాను. పాతది సూద్దాం. వాయిదా సగమైతే నీకెన్ని రోజులు సాలు?" అక్కడే నిలబడి లెక్క వేశాను. పదహారు.

మిడిల్ పాయింట్‌లో ఒక వ్యాపారి తన లారీని అమ్ముతున్నాడు. ఆరున్నర లక్షలు అడిగాడు. పోలమ్మక్క చీర కుచ్చెళ్లు దోపుకొని, బండి కిందకు దూరి, ఏడు నిమిషాల తరువాత బయటికి వచ్చింది. "భయ్యా, రంగు బాగేసేవు. కింద తుప్పుకి కూడా రంగేసేవు. అయిదు ముప్పావు. బస్," అన్నది. అతడు మూడు రోజులు బెట్టు చేసి ఒప్పుకున్నాడు. మూడున్నర లక్షలు అప్పు, రెండు లక్షల పాతిక వేలు నావి. ముప్పై ఆరు వాయిదాలు, ఒక్కొక్కటి పదకొండు వేల ఎనిమిది వందలు. తాకట్టు మాత్రం అదే ఇల్లు. టైర్లకు, ఇంజను పనికి తొంభై రెండు వేలు పోయాయి. మిగిలిన నలభై మూడు వేలలో మూడు వాయిదాల సొమ్మును విడిగా దాచమని ఆమె పట్టుబట్టింది. "అది నీది కాదనుకో. బండిది," అన్నది. అక్టోబరు 1న మా లారీ మొదటి బాడుగకు బయలుదేరింది. చక్రాల పాత నట్లను ఒక సంచిలో వేసి ఆమే ఇచ్చింది.

2014 ఆగస్టు 6, బుధవారం, వాన. మా డ్రైవరు కిషన్ ఫోను చేశాడు: "బాబూజీ, గేర్‌బాక్స్ ఖతం." సామాను చెన్నై నుంచి ఓడలో రావాలి. బండి ఇరవై ఆరు రోజులు నిలిచిపోయింది. దాచిన ముప్పై అయిదు వేల నాలుగు వందలూ గేర్‌బాక్సుకే సరిపోయాయి. సెప్టెంబరు 10 నాటి వాయిదాకు నా దగ్గర ఉన్నది పదకొండు వందల రూపాయలు. వరలక్ష్మి ఇంటి పత్రాలు ఉండే ఖాళీ ఫైలును తీసి తుడిచి మళ్లీ అక్కడే పెట్టింది. అది నేను చూశాను.

ఆగస్టు 17 ఉదయం పోలమ్మక్క స్వయంగా ఆటోలో మా ఇంటికి వచ్చింది. "నీ సిమెంటు బాడుగ ఇంకొకడికి పోనిచ్చేవా?"

"ఇంకా లేదు అక్కా. రేపటితో పోతుంది."

"నా బండి కాళీగా ఉన్నాది. ఈ గాలికి వేట నేదు, ఐసు నేదు. నీ మాలు నా బండి మీద తోలుకో. డీజిలు నువ్వు పొయ్యి, మా డ్రైవరు కూలి నువ్వియ్యి."

"మరి నీ అద్దె?"

"అడిగేనా?"

తొమ్మిది రోజులు ఆమె లారీ నా బాడుగ మీద తిరిగింది. ఖర్చులు పోగా రోజుకు పద్దెనిమిది వందల యాభై చొప్పున పదహారు వేల ఆరు వందల యాభై. అందులో పదకొండు వేల ఎనిమిది వందలు వాయిదా, మిగిలినది కిషన్‌కు సగం జీతం. ఆగస్టు 31న నేను ఒక కాగితం రాసుకొని ఆమె వద్దకు వెళ్లాను: తొమ్మిది రోజుల టైర్ల అరుగుదల, రోజుకు నాలుగు వందల యాభై, మొత్తం నాలుగు వేల యాభై, అయిదు విడతలలో చెల్లిస్తాను. ఆమె కాగితం పుచ్చుకోలేదు. డబ్బాను నేల మీద బోర్లించింది.

"లెక్కెట్టు."

"పదమూడు."

"ఈ నెల ఇరవై రెండు పడాల. తొమ్మిది తగ్గేయి. నిలబడాల్సిన బండి నడిసింది. ఇంకేటి కావాల నాకు? ఆ కాగితం నీ కాడే ఉంచుకో. అందంగా రాసేవు."

ఆ లెక్క సరికాదని ఆమెకు తెలుసు. నాకు తెలుసునని కూడా ఆమెకు తెలుసు. ఆ కాగితం ఇప్పటికీ 2014 డైరీలో ఉంది. స్టోరులో ఇరవై తొమ్మిదేళ్లు ఇచ్చినదానికి, పుచ్చుకున్నదానికి సంతకాలు పెట్టించినవాడిని. సంతకం లేకుండా ఇచ్చిన సరుకును ఏ గడిలో రాయాలో ఆ రోజు నాకు తెలియలేదు.

2016 ఆగస్టు 9, మంగళవారం, తెల్లవారుజామున పోలమ్మక్క నిద్రలోనే పోయింది. ఆకాశం తెరిపిగా ఉంది. ముందు రోజే ఓడ వచ్చింది. ఆరుంపావుకు కిషన్ ఫోను చేశాడు. "మాల్ తయార్ హై, బాబూజీ." ఈ రోజు బండి తీయవద్దన్నాను. "క్యోం? గాడీ తో ఠీక్ హై," అన్నాడు. బండి బాగానే ఉంది, ఓడ ఉంది, వాన లేదు. అయినా బండి తీయవద్దని మళ్లీ చెప్పి, నా సంచిలోంచి నట్టు ఒకటి తీసి పక్కన పెట్టి, జంగ్లీఘాట్ వెళ్లాను. పదమూడవ రోజున ఆమె కూతురు ఈ డబ్బాను నా చేతిలో పెట్టి, "అమ్మ మీకే ఇమ్మంది మామయ్యా. స్టోరు బాబు సరిగ్గా లెక్కెడతాడంది," అన్నది.

ఇప్పుడు లారీ కొంటామని సలహాకు వచ్చే ఈ దీవుల కుర్రవాళ్లను నేను ముప్పై రోజులు మా వాకిటికి రమ్మంటాను. ఇంతవరకు పదకొండుమంది వచ్చారు. ముప్పై రోజులూ వచ్చినవారు నలుగురు. ఆ నలుగురి లారీలూ నడుస్తున్నాయి.

2016 సెప్టెంబరు 30తో అప్పు కాలం ముగిసింది. ఆ సాయంత్రం నా మొదటి మూడేళ్ల లెక్కను తేల్చాను. మొత్తం రోజులు 1,096. నడిచినవి 707, నిలిచినవి 389. ఓడ కోసం 148, మరమ్మతులకు 104, వానకు 81, రంగత్ దారిలో 37, డ్రైవరు లేక 18. అవి 388. మిగిలిన ఒక్క రోజుకు ఎదురుగా కారణం గడి ఖాళీగా ఉంది. కట్టవలసిన వాయిదాలు 36. కట్టినవి 36. ఇంటి పత్రాలు వరలక్ష్మి ఫైలులో ఉన్నాయి.