పడుకోబెట్టిన గుర్రం

మొన్న మా మనవడు టీవీలో ఏదో పాత కౌబాయ్ సినిమా పెట్టాడు. హీరో తుపాకీ పేల్చగానే మొహానికి నల్ల రుమాలు కట్టుకున్న దొంగ ఒకడు గుర్రంతో సహా దుమ్ములో పడ్డాడు. ఆ పడే తీరు చూసి అది మా ఆయనేనని పోల్చుకున్నాను. పిల్లలు నవ్వారు, నేను లేచి పొయ్యి మీద పాలు చూసుకున్నాను.

రాయచోటి దగ్గర ఆవులు కాసుకునే మనిషి మద్రాసు వెళ్ళి సినిమాల్లో గుర్రం ఎక్కడం అప్పట్లో మా వైపు పెద్ద వింత. ఆయన పేరు ఏనాడూ తెర మీద పడలేదు గానీ, గుర్రానికి దెబ్బ తగలకుండా దాన్ని పక్కకు వాల్చే విద్య మాత్రం బాగా పట్టుబడింది. ఆ సినిమాలకు కాలం చెల్లాక అందరిలాగే మేమూ కువైట్ దారి పట్టాం. కబ్ద్‌లో మాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ అంటారు, ఆయన తోటలో మా ఆయనకు గుర్రాల పని, నాకు వంటపని. అక్కడి గోధుమరంగు ఆడగుర్రానికి ఆయన ఆ విద్యంతా నేర్పాడు. ముందుకాలు మీద తడితే పడుకోవాలి, మెడ మీద తట్టేదాకా లేవకూడదు. నేను మామా అని పిలిచే యజమానురాలి పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఇంటికి ఉత్తరం రాయడానికి దొరకని తీరిక దీనికెలా దొరికిందని నాకు ఒళ్ళు మండేది.

ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు కఫీల్ కుటుంబం సెలవులకని విదేశంలో ఉంది. సైనికులు లారీ తెచ్చి గుర్రాలను ఒక్కొక్కటిగా ఎక్కించుకున్నారు. ఆ ఆడగుర్రం వంతు వచ్చేసరికి ఆయన దాని ముందుకాలు మీద తట్టాడు, అది కుప్పకూలింది, రోగమనుకుని వాళ్ళు వదిలేసి పోయారు. నాకు సంతోషం కలగలేదు, భయమూ కలగలేదు. ఆ రోజుల్లో రొట్టె ఉంటే తినేదాన్ని, లేకపోతే గోడకు ఆనుకుని కూచునేదాన్ని.

నీళ్ళ ట్యాంకర్లు ఆగిపోయాక ఇక అక్కడ ఉండే వీలు లేకపోయింది. జోర్డాన్ వైపు పోయే బస్సులు అందుకోవడానికి ఒక హైదరాబాదు డ్రైవరు తన పికప్‌లో మమ్మల్ని ఎక్కించుకున్నాడు. ఎటైనా పోయి బతుకుతుందని ఆయన గుర్రానికి మిగిలిన నీళ్ళు పెట్టి, గేటు తెరిచి వచ్చాడు. అది ఎటూ పోలేదు, బండి వెనకే పరుగెత్తింది. ముందు చెక్‌పోస్టు ఉంది, అక్కడిదాకా వస్తే సైనికులు పట్టుకుపోతారు, లేదంటే కాల్చేస్తారు. ఆయన దిగి, కాలు మీద తట్టి, దాన్ని ఇసుకలో పడుకోబెట్టాడు. మెడ నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. డ్రైవరు యల్లా యల్లా అని తొందర పెడుతున్నాడు.

"ఎనిక్కి చూడాకు, చూస్తే లేచి వస్తాది" అన్నాడు ఎక్కుతూ.

నేను చూశాను. అది తల ఎత్తి మా వైపే చూస్తోంది, లేవలేదు.

మా ఇద్దరికీ కన్నీళ్ళు రాలేదు. ఊరు చేరాక ఆయన మళ్ళీ గుర్రం ఎక్కలేదు, ఆ మాటే ఎత్తకుండా కిందటేడు చనిపోయాడు.

ఇప్పుడు మా చెల్లెలి కొడుకు కబ్ద్‌లోనే ఒంటెల దగ్గర పనిచేస్తూ రోజూ ఫోన్‌లో మొహం చూపిస్తాడు. తోటల మధ్య మంచి రోడ్లు పడ్డాయట, రాత్రంతా దీపాలట. మా కాలంలో ఒక్క కబురు కోసం వారాల తరబడి ఎదురుచూసేవాళ్ళం, ఇప్పుడు ఏది అడిగినా క్షణంలో చెబుతున్నారు. వాడి మాటలు వింటూ వాడి వెనక కనబడే ఇసుక చూస్తుంటాను. ఆ గుర్రం ఎంతసేపటికి లేచిందో మాత్రం ఎవరినీ అడగలేను.