తెర నల్లగా ఉందని చెప్పిన రోజు

ఉస్తాద్ పోయాడన్న కబురు నాకు కామారెడ్డి బస్సు కండక్టర్ చెప్పాడు. ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా ఉన్న నా దుకాణంలో ఒక టీవీ వెనక మూత విప్పుతున్నాను. అతను బస్సు దిగి వచ్చి, "మీ కామారెడ్డి ఉస్తాద్ పోయిండట గద. నిన్న జుమ్మా నమాజైనంక మట్టి ఇచ్చిన్రట. నీకు కబురు రాలేదా?" అన్నాడు. రాలేదు. రాదని నాకు తెలుసు కూడా. అయినా "ఫోను ఖరాబైంది" అని ఒక చిన్న అబద్ధం చెప్పి పంపించాను. ఆయన గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే మొదట గుర్తొచ్చేది కూడా ఒకప్పుడు ఆయనతో నేనాడిన అబద్ధమే. దాన్ని దాటేసి మంచి మాటలు మాత్రం రాస్తే మీకు బాగుంటుంది గానీ, నాకు చేతకావడం లేదు.

ఆయన దుకాణం కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఉండేది. రేడియోల కాలంలో పెట్టాడు. నేను చేరేనాటికి టీవీలు వచ్చేశాయి. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, పెళ్లయింది, ఒక బిడ్డ. వరసగా రెండేళ్లు పొలం ఎండిపోతే చేతిపని ఏదైనా నేర్చుకుందామని వెళ్లాను. ఆయన నా పేరు అడగలేదు. "ఏ ఊరు?" అన్నాడు. చెప్పాను. ఆ తర్వాత పదకొండేళ్లు నా పేరు ఎల్లారెడ్డే. "ఏయ్ ఎల్లారెడ్డీ, మీటరియ్యి. ఎల్లారెడ్డీ, గాడిద లెక్క నిలబడకు."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆయన నోటికి ఊళ్లో ఒక్క మంచి గడప మిగల్లేదు. అయినా గాంధారి తండాల నుంచి, సదాశివనగర్ నుంచి టీవీలను దుప్పట్లలో చుట్టుకుని ఆటోల్లో ఆయన దగ్గరికే తెచ్చేవారు, తిట్లు తినేవారు, బాగు చేయించుకుని పోయేవారు. ఒకాయన బొమ్మ రావడం లేదని టీవీ నెత్తిన నాలుగు దెబ్బలు వేశానని చెప్పాడు. "పెండ్లాన్ని కొడితె కూర రుచైతదా? టీవీని కొడితె బొమ్మొస్తదా?" అన్నాడు ఉస్తాద్. టీవీ తెచ్చినాయన భార్య పక్కనే నిలబడి ఉంది. ఆవిడొక్కతే నవ్వింది.

పని నేర్పే పద్ధతి కూడా అదే. నేను టంకంతో వేసిన అతుకును గిరాకీ ముందే పీకి మళ్లీ వేసేవాడు. "అతుకు అంటుకున్నట్టు కనబడితె గాదు, అంటుకోవాలె," అనేవాడు. దేన్నయినా విప్పబోతే చేతి మీద స్క్రూడ్రైవర్‌తో ఒకటి వేసేవాడు. "ఐబు ముందుగాల బయట దేవులాడు. పెట్టె ఇప్పినోడు సగం ఓడినట్టే." ఐబంటే దోషం. తీగ, ప్లగ్గు, కరెంటు, మీట, ఇవన్నీ చూశాకే మూత విప్పాలి. ఆ వరస నేను ఈ రోజుకీ తప్పను.

టీవీ వెనక కూర్చుని పని చేసేటప్పుడు తెర కనబడదు గదా, అందుకని ఎదురుగా కుర్చీలో ఒక అద్దం నిలబెట్టి అందులో బొమ్మ చూసుకునేవాడు. తొమ్మిదో ఏడు గడిచాక ఆ అద్దం తీసేశాడు. "నువ్వుండంగ అద్దమెందుకు? ముంగట కూసోని చెప్పు," అన్నాడు. నాకు పెద్దరికం వచ్చిందనుకుని పొంగిపోయాను. తర్వాత మధ్యమధ్యలో పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాడు. ఒక చిన్న రెసిస్టర్ నా ముందు పెట్టి, "దీని మీద రంగులేందో చెప్పు, జూద్దాం," అనేవాడు. నేను గోధుమ, నలుపు, ఎరుపు అని అప్పజెప్పేవాడిని. అవి పరీక్షలు కావని తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది. షుగరు ఆయన కళ్లకు పాకింది. రంగులు పోయాయి, తర్వాత గీతలు పోయాయి, చివరికి వెలుతురు మాత్రం మిగిలింది. చేతులు ఎప్పటిలాగే పని చేసేవి. ఈ సంగతి ఊరికి తెలిస్తే దుకాణానికి ఒక్క టీవీ రాదు. నాకు తెలిసిందని ఆయనకు తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఆ మరుసటి ఏడు మా మామ సదాశివనగర్ నుంచి నన్ను చూడటానికి దుకాణానికి వచ్చాడు. ఉస్తాద్ ఆయన్ను కూర్చోబెట్టి ఛాయ్ తెప్పించాడు. తర్వాత నేను చేసిన బోర్డు ఒకటి తీసి, వేలితో తడిమి, ఆయన చేతిలో పెట్టాడు. "ఇగో పటేలా, నీ అల్లుని పనితనం జూడు. గీ అతుకు మూడొద్దులు నిలవది. గిసొంటోనికి బిడ్డనెట్లిచ్చినవయ్య?" మామ నవ్వాలో లేదో తెలియక ఛాయ్ తాగాడు. వారం తిరిగేసరికి ఆ మాట మా అత్తగారి ఊరంతా తిరిగి, నా భార్య నోటి నుంచి నా చెవిన పడింది. ఆమె ఏడుస్తూ చెప్పింది.

మర్నాడే ఊళ్లోని రైసు మిల్లు సేటు ఆట పెట్టె తెచ్చాడు.

టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ అది. నల్లటి పెట్టె, ముందు కర్రలా కనబడే స్టిక్కరు, చేత్తో పట్టుకుని ఆడించే రెండు మీటలు, పైన క్యాసెట్ దూర్చే సందు. చాలా ఏళ్ల కింద సేటు తమ్ముడు దుబాయి నుంచి తెచ్చాడు. ఆ తమ్ముడిప్పుడు లేడు. "పెడితె బొమ్మొస్తలేదు ఉస్తాద్. పైసలెంతైనా సరే, ఇది మాత్రం బాగు గావాలె," అని చెప్పి, సాయంత్రం వస్తానని వెళ్లాడు.

ఉస్తాద్ టీవీ వెనక, నేను ముందు. మొదట టీవీకి ఏరియల్ తగిలిస్తే దూరదర్శన్ వచ్చింది, అంటే టీవీలో దోషం లేదు. అడాప్టర్‌కు మీటరు పెట్టాం, కరెంటు ఉంది. ఆట బొమ్మ టీవీలో మూడో ఛానెల్లోనో నాలుగో ఛానెల్లోనో వస్తుంది. రెండూ తిప్పి చూశాను, చుక్కలూ బుస్సుమనే శబ్దమూ తప్ప ఏమీ లేదు. క్యాసెట్ అంచున ఉండే రాగి పళ్లను ఆయన పెన్సిల్ రబ్బరుతో రుద్ది స్పిరిట్‌తో తుడిచాడు. మార్పు లేదు. అప్పుడు పెట్టె నుంచి టీవీకి వచ్చే తీగను మొదటి నుంచి చివరిదాకా వేళ్ల మధ్య నెమ్మదిగా జరిపాడు. ప్లగ్గు దగ్గర ఆగాడు. "ఈడ లోపల తెగింది," అన్నాడు. కొస కత్తిరించి కొత్త ప్లగ్గు వేశాడు. కళ్లు పైకప్పు వైపు ఉన్నాయి. అంత చక్కటి అతుకు నేను నా జన్మలో వేయలేదు.

బుస్సుమనే శబ్దం ఆగిపోయింది. తెర మీద ఆకుపచ్చటి నేల, ఆ మూల ఒక ఎర్ర విమానం.

"సప్పుడు వోయింది. బొమ్మొచ్చిందా?"

"రాలె ఉస్తాద్," అన్నాను. "తెర నల్లగున్నది."

"నల్లగనా? చుక్కలు గిట్ల లేవా?"

"లేవు."

ఊరికే రాలేదంటే నమ్మేవాడు కాదు. శబ్దం ఆగి తెర నల్లగా ఉందంటే తీగ బాగున్నట్టు, దోషం పెట్టె లోపల ఉన్నట్టు. అది నాకు నేర్పింది ఆయనే. ఆయన చదువుతోనే ఆయన్ను పట్టాను. ఐదు నిమిషాలు తికమకపడితే చాలనుకున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు అందరూ మొదట అంతే అనుకుంటారు కాబోలు.

ఆయన చాలాసేపు పెట్టె మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మూత విప్పాడు. ఒక అతుకు తాజా చేసి, "ఇప్పుడు?" అన్నాడు. ఎర్ర విమానం అక్కడే ఉంది. నల్లగుందన్నాను. ఛాయ్‌వాలా వచ్చి రెండు గ్లాసులు పెట్టి వెళ్లాడు. మరో అతుకు. "ఇప్పుడు?" నల్లగుందన్నాను. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. కాలిన వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఆ ముఖంలో ఆ బెదురు చూడటం ఎలా ఉందని అడిగితే, నిజం చెబుతాను, బాగుంది. మూడోసారి కూడా బాగానే ఉంది. నాలుగోసారి ఆయన లోపలి భాగం ఒకటి పీకి మళ్లీ పెట్టబోతే కింద బోర్డు మీది రాగి పట్టీ లేచిపోయింది. ఆయన చూడలేదు. నేను చూశాను. కరెంటు ఇచ్చి, "ఇప్పుడు?" అన్నాడు.

నల్లగుందన్నాను. ఆ సారి నేను చెప్పింది నిజం.

సేటు వచ్చాడు. ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. "సేటూ, మీ పెట్టె నా చేతిల వోయింది. నాతోని గాలె. మాఫ్ చెయ్యండి," అన్నాడు. ఆ నోటి నుంచి మాఫీ అన్న మాట నేను అంతకు ముందు వినలేదు. అప్పుడే ఖాళీ గ్లాసుల కోసం వచ్చిన ఛాయ్‌వాలా మధ్యలో అందుకున్నాడు. "అదేంది ఉస్తాద్? నేను ఛాయ్ తెచ్చినప్పుడు బొమ్మ మంచిగుండె గద. ఎర్ర ఇమానం గూడ ఉండె. నీకు కనబడలేదా?"

సేటు ఒక అడుగు ముందుకు వేసి, ఉస్తాద్ ముఖం ముందు అరచెయ్యి అటూ ఇటూ ఆడించాడు. ఆ కళ్లు కదల్లేదు. "గిదా సంగతి," అని పెట్టె చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. సేటును నేను తప్పు పట్టలేను, పోయింది తమ్ముడి వస్తువు.

ఇక మిగిలింది మేమిద్దరం. తిడతాడని ఎదురు చూశాను. కొడతాడేమోనని, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన తడుముకుంటూ స్విచ్చి ఆపి, టంకం వేసే ఐరన్‌ను దాని స్టాండులో పెట్టి, "దుకాణం బంద్ చెయ్యి," అన్నాడు. అంతే.

మర్నాడు మళ్లీ తెరిచాం. నేను ఎప్పటిలాగే టీవీ ముందు స్టూలు మీద కూర్చున్నాను. ఆయన ఒక అతుకు వేసి, రోడ్డు మీద కూరగాయల బండి తోసుకుంటూ పోతున్న మనిషిని పిలిచాడు. "అన్నా, జర ఆగు. గీ టీవీల ఏం కనబడుతున్నదో చెప్పు." అతను ఆగి, నన్ను వింతగా చూసి, చెప్పిపోయాడు. ఆ తర్వాత గొర్రెలు తోలుకుపోయేవాడు, పోస్ట్‌మ్యాన్, భిక్షానికి వచ్చిన ముసలమ్మ. నేను అడుగు దూరంలో కూర్చునే ఉన్నాను. నన్ను అడగలేదు. వెళ్లిపొమ్మని కూడా అనలేదు. అలా మూడు నెలలు. వచ్చే టీవీలు సగమై, పావై, ఆఖరికి షట్టరు దించేశాడు. నేను ఎల్లారెడ్డి వచ్చి దుకాణం పెట్టుకున్నాను. ఆయన నేర్పిన పనితోనే నా ఇల్లు నడిచింది, నా పిల్లలు చదువుకుంటున్నారు. ఇందుకు ఆయనకు దండం పెట్టడం తప్ప నాకు వేరే దారి లేదు. పెట్టిన చెయ్యి ఎలాంటిదో మీకు ఇప్పుడు తెలుసు.

ఆయన పోవడానికి నెల ముందు మంచాన పడ్డాడని విని వెళ్లాను. ఆ రోజు అబద్ధం చెప్పానని నా నోటితో ఒప్పుకోవాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. పొద్దుటి ఎండలో, వాకిట్లో నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. సగం మనిషి అయ్యాడు.

"సలామ్ ఉస్తాద్. నేను, ఎల్లారెడ్డిని," అన్నాను.

ఆయన తల ఇంటి వైపు తిప్పి కూతుర్ని పిలిచాడు. ఆమె పిండి చేతులతో బయటికి వచ్చింది.

"బేటీ, ఎవలో వచ్చి ఎల్లారెడ్డినంటున్నరు. ఆడేనా, జర జూడు."

ఆమె నన్ను చూసి, ముసలాయన పరాచికాలాడుతున్నాడనుకుని నవ్వింది. "ఆయనే అబ్బా."

"గట్ల గాదు. దగ్గరికి వొయ్యి మల్లొక్కసారి జూడు," అన్నాడు.

ఆమె నవ్వు ఆపి నా దగ్గరికి వచ్చింది. ఆమె నా ముఖంలోకి చూస్తున్నంత సేపూ నేను ఆ ఎండలో కదలకుండా నిలబడ్డాను.